ఒక రైఫిల్, రెండు పనులు: క్యాలిబర్ ఎంపిక ప్రాజెక్టు డైరీ

మే 18, 2025. బెంగళూరు

మా పెద్దనాన్న కొడుకు, నాకు వరసకు అన్నయ్య, అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ పక్కనున్న అరోరాలో పదహారేళ్లుగా ఉంటున్నాడు. నిన్న రాత్రి ఫోన్ చేసి, "ఒరేయ్ తమ్ముడూ, ఈ అక్టోబరులో మొదటిసారి వేటకు పోతున్నాను. వేటకూ, 500, 800 మీటర్ల గురికీ పనికొచ్చే రైఫిల్ ఒక్కటే కొనాలి. ఇక్కడ ప్రతివాడూ ఒక్కో నంబరు చెప్తున్నాడు. నువ్వు లెక్క వేసి చెప్పరా" అని అడిగాడు. అక్కడ వేట లైసెన్సుకు ముందు తప్పనిసరైన శిక్షణ తరగతి అతను ఇప్పటికే పూర్తి చేశాడు.

నేను పీణ్యలో యంత్రభాగాల కర్మాగారంలో డిజైన్ పని చేస్తాను. ఆదివారాల్లో నగర శివార్లలోని రేంజిలో 50 మీటర్ల .22 రైఫిల్ సాధన చేస్తాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు సరదా వేట నిషిద్ధం. దూరపు గురికి వాడే పెద్ద క్యాలిబర్లలో (క్యాలిబర్ అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పును సుమారుగా అంగుళాల్లోనో మిల్లీమీటర్లలోనో చెప్పే అంకె) .308 వంటిది సైన్యం వాడే 7.62 మిల్లీమీటర్ల తూటాను పేల్చగలదు కనుక ఆయుధ నియమాల ప్రకారం నిషిద్ధ వర్గంలో ఉంది. కాబట్టి అన్నయ్య అడిగిన తుపాకులను నేను చేత్తో పట్టి పరీక్షించలేను. కానీ తూటా గాలిలో ఎలా పోతుందనే లెక్క .22కూ, .308కీ ఒక్కటే. ఆ లెక్కను ఇక్కడ నా .22తో సరిచూసుకుని, నమ్మకం కుదిరాక అక్కడి తూటాలకు వర్తింపజేయాలని నిర్ణయించుకున్నాను.

ఈ పని నాకు ఎందుకు ముఖ్యమో ఒక్కసారి రాసి పెట్టుకుంటాను. మదనపల్లె దగ్గర మా తాతగారికి వేరుశనగ చేలూ, లైసెన్సున్న .315 రైఫిలూ ఉండేవి. ఆంగ్లేయుల ప్రభుత్వం సైన్యపు .303ను ప్రజల చేతికి అందనివ్వకపోవడంతో ఆ .315 క్యాలిబర్ మన దేశంలో వ్యాపించింది. తర్వాత ఇషాపూర్‌లోని ప్రభుత్వ ఫ్యాక్టరీ కూడా ఆ రైఫిళ్లను తయారుచేసింది. చేలో పడిన ఒక అడవిపందిని తాతగారు ఒకసారి చాలా దూరం నుంచి కొట్టారట. దెబ్బ పొట్టలో తగిలింది. రాత్రంతా లాంతరు పట్టుకుని నెత్తుటి జాడ వెంట తిరిగి, తెల్లవారుజామున దాని బాధ ముగించారట. "ఆ దూరం నాది కాదు, నేను కొట్టి ఉండకూడదు" అని ఆయన నాతో చెప్పినప్పుడు నాకు పదేళ్లు. అన్నయ్య కూడా ఆ మాట విన్నవాడే.

మే 25

పేర్లతోనే గందరగోళం మొదలవుతుంది కనుక ముందు వాటిని విడదీసుకున్నాను. .308 విన్చెస్టర్ (1952), .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ రెండూ 7.82 మిల్లీమీటర్ల గుండునే (తూటాలోంచి బయటికి ఎగిరే ముక్కనే) వాడతాయి. రెండో దానిలోని "06" అది వచ్చిన 1906వ సంవత్సరం. మందు నింపే దాని ఇత్తడి గొట్టం పొడవు, మందు ఎక్కువ పడుతుంది. .270 విన్చెస్టర్ (1925) గుండు నిజానికి .277 అంగుళాలు. 6.5 క్రీడ్‌మూర్‌ను హోర్నడీ కంపెనీ 2007లో దూరపు గురి పోటీల కోసమే తీసుకొచ్చింది. దాని గుండు 6.5 కాదు, 6.7 మిల్లీమీటర్లు. 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నమ్ (1962) గుండు 7.21 మిల్లీమీటర్లు. అంటే పేరులోని అంకె చూసి గుండు లావు చెప్పలేం, లావు చూసి శక్తి చెప్పలేం.

.270ను పక్కన పెట్టాను. అది వేటకు వందేళ్లుగా నిలిచిన మంచి తూటా. అయితే మామూలు .270 బ్యారెళ్లలో మెలిక (గుండును తిప్పే లోపలి గాడుల చుట్టు) నెమ్మదిగా, పది అంగుళాలకు ఒక చుట్టుగా ఉంటుంది కనుక అతి పొడవైన గుండ్లు వాటిలో స్థిరంగా తిరగవు, గురి పోటీలకు తయారయ్యే గుండ్ల ఎంపికా తక్కువే. అన్నయ్య పట్టికలో నాలుగు మిగిలాయి: 6.5 క్రీడ్‌మూర్, .308, .30-06, 7 ఎం.ఎం. మాగ్నమ్.

కొలరాడో నియమాలను కూడా పట్టికలో మొదటి వరుసగా చేర్చాను. జింకకైనా, ఎల్క్ అనే పెద్ద జింకజాతి జంతువుకైనా రైఫిల్ క్యాలిబర్ .24 అంగుళాలకు తగ్గకూడదు. గుండు తగిలినప్పుడు విచ్చుకునే రకం కావాలి. జింకకు కనీసం 70 గ్రెయిన్లు (ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు), ఎల్క్‌కు 85 గ్రెయిన్ల బరువుండాలి. వంద గజాల దగ్గర వెయ్యి అడుగుపౌండ్ల శక్తి, అంటే సుమారు 1,356 జౌళ్లు మిగిలి ఉండాలి. మా నాలుగూ ఈ హద్దును సులభంగా దాటుతాయి కనుక చట్టం ఇక్కడ ఎంపికను తేల్చదు.

జూన్ 1

లెక్కలో గుండెకాయ వంటి సంగతి గాలి. కింద పడటం భయపెట్టే విషయం కాదు. భూమి ఆకర్షణ రోజూ ఒకేలా ఉంటుంది, దూరం తెలిస్తే ఎంత పైకి గురిపెట్టాలో ఖచ్చితంగా చెప్పవచ్చు. పక్కగాలి క్షణక్షణం మారుతుంది, కంటికి కనిపించదు.

పక్కగాలి గుండును ఆకును నెట్టినట్టు నెడుతుందని నేనూ చాలాకాలం అనుకున్నాను. అలా కాదు. గిర్రున తిరుగుతున్న గుండు తన ముక్కును ఎదురొచ్చే గాలివైపు కొద్దిగా తిప్పుకుంటుంది. అప్పుడు దాన్ని వెనక్కి లాగే నిరోధం కూడా ఆ మేరకు వాలుతుంది, గుండు పక్కకు జరుగుతుంది. అందుచేత పక్కజరుగుడు ఎంతసేపు ఎగిరిందన్న దాన్ని బట్టి కాక, గాలి నిరోధం వల్ల ఎంత ఆలస్యమైందన్న దాన్ని బట్టి ఉంటుంది. సూత్రం చాలా చిన్నది: గుండుకు నిజంగా పట్టిన కాలంలోంచి, నిరోధమే లేకపోతే పట్టే కాలాన్ని తీసివేసి, మిగిలిన ఆలస్యాన్ని పక్కగాలి వేగంతో హెచ్చించాలి. ఎక్సెల్‌లో ఒక్క గడిలో పట్టే సూత్రం.

ఇది నిజమైతే ఒక వింత ఫలితం రావాలి. .22 తూటాల్లో శబ్దవేగానికి కాస్త తక్కువగా పోయే పోటీ రకం ఉంది, దాన్ని మించిపోయే వేగవంతమైన రకమూ ఉంది. వేగవంతమైన గుండు లక్ష్యాన్ని ముందే చేరుతుంది. కానీ శబ్దవేగం చుట్టుపక్కల నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది కనుక దాని ఆలస్యం ఎక్కువ. అంటే త్వరగా చేరే గుండే గాలికి ఎక్కువ జరగాలి. దీన్ని నా చేత్తో పరీక్షించవచ్చు.

జూన్ 15

పరీక్ష చేశాను. మా శిక్షకులు సైన్యంలో పనిచేసి రిటైరైన చిత్తూరు వారు. ఆయన్ని సార్ అని పిలుస్తాం. రేంజి నిర్వాహకుల అనుమతి తీసుకుని, ఆయన స్నేహితుడి దగ్గరున్న డాప్లర్ వేగమాపకాన్ని తెప్పించారు. నైరుతి గాలులు మొదలయ్యాయి కనుక ఉదయం పది దాటేసరికి రేంజికి అడ్డంగా, పడమటి నుంచి నిలకడగా గాలి వీచింది. చేతి గాలిమాపకంలో సుమారు సెకనుకు 3 మీటర్లు. 25 మీటర్ల దగ్గర ఒక కర్రకు నాలుగు వేళ్ల వెడల్పున్న పల్చటి పట్టురిబ్బను కట్టాం. ఆ రిబ్బను కర్రకు సగం వాలి నిలిచినప్పుడే పేల్చాను. పూర్తిగా వేలాడినప్పుడు కొట్టిన పది గుండ్ల గుంపు మధ్య బిందువును పోలికకు పెట్టుకున్నాను.

పోటీ రకం తూటా గొట్టం దాటేటప్పుడు సెకనుకు 328 మీటర్లు, 50 మీటర్ల దగ్గర 306. సూత్రం ప్రకారం ఆలస్యం 0.0054 సెకను, జరగాల్సింది 1.6 సెంటీమీటర్లు. వేగవంతమైన రకం 376తో బయలుదేరి 339కి పడిపోయింది. ఆలస్యం 0.0071 సెకను, జరగాల్సింది 2.1 సెంటీమీటర్లు. కార్డుల మీద కొలిస్తే మొదటిది 1.4, రెండోది 2.0 వచ్చాయి.

50 మీటర్ల కార్డులో పది అంకె వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. ఒక్కో వలయం ఎనిమిది మిల్లీమీటర్లు బయటికి పోతుంది. అంటే ఆ మెల్లని గాలికే పోటీ తూటా రెండు వలయాల మేర జరుగుతోంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యం సాధించినది ఈ చిన్న .22తోనే. ఆ పతకం విలువ నాకు ఈ రోజు కార్డు మీద స్కేలు పెట్టి కొలిచినప్పుడు మరింత తెలిసింది.

సార్ ఆ రెండు కార్డులను ఒకదానిమీద ఒకటి పెట్టి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. "ఇరవై ఏళ్లు సిపాయిలకు గాలి నేర్పినాను, ఎందుకో ఈ రోజు తెలిసింది" అన్నారు. లెక్క మీద నాకు నమ్మకం కుదిరింది.

జూన్ 22

ఇప్పుడు అన్నయ్య తూటాలు. ప్రతి దానికీ ఒక వేట గుండును తీసుకున్నాను, ఎందుకంటే పోటీ గుండుతో వేటాడకూడదు. పోటీ గుండు ఒకే చోట పడటానికి చేసినది, జంతువు శరీరంలో నమ్మకంగా విచ్చుకోవడానికి చేసినది కాదు. 6.5 క్రీడ్‌మూర్‌కు 143 గ్రెయిన్లు, .308కీ .30-06కూ 178, మాగ్నమ్‌కు 162. కంపెనీ ప్రకటించిన వేగాలు వరుసగా సెకనుకు 823, 792, 838, 896 మీటర్లు. గాలిని చీల్చే సామర్థ్యపు అంకెలు (జి1 అనే ప్రామాణిక పద్ధతిలో, అంకె పెద్దదైతే మేలు) 0.625, 0.552, 0.552, 0.631.

పక్కగాలి సెకనుకు 4 మీటర్లుంటే 500 మీటర్ల దగ్గర 6.5 సుమారు 43 సెంటీమీటర్లు, .308 54, .30-06 49, మాగ్నమ్ 38 జరుగుతున్నాయి. తక్కువ మందుతో, తేలికైన గుండుతో 6.5 తనకన్నా చాలా పెద్దదైన .30-06ను ఇక్కడ దాటిపోతోంది. సన్నగా పొడవుగా ఉన్న గుండు గాలిలో తన వేగాన్ని పొదుపు చేసుకుంటుంది. అంత పొడవైన గుండు తలకిందులు కాకుండా ఉండాలంటే వేగంగా తిరగాలి కనుక ఆ బ్యారెళ్లలో మెలిక ఎనిమిది అంగుళాలకే ఒక చుట్టు వేస్తుంది. లెక్క కడితే గుండు బయటికి వచ్చేటప్పుడు సెకనుకు నాలుగు వేల చుట్లు తిరుగుతోంది. మా కర్మాగారంలో అతివేగపు స్పిండిల్ కూడా దాని దరిదాపుల్లోకి రాదు.

కిలోమీటరు దూరానికి లెక్క పొడిగిస్తే, సముద్రమట్టపు గాలిలో .308 వేగం శబ్దవేగం అంచుకు దిగుతోంది, 6.5 ఇంకా పైనే ఉంది. ఆ అంచు దాటేటప్పుడు గుండు తొణుకుతుంది, గుంపు చెదురుతుంది. దూరపు గురి ఆడేవాళ్లు 6.5 వైపు మళ్లడానికి ఇదొక పెద్ద కారణం.

జూన్ 29

వారం రోజుల పని సగం కొట్టేయాల్సి వచ్చింది. తప్పు నాదే. గాలి సాంద్రత గడిలో సముద్రమట్టపు అంకె, ఘనమీటరుకు 1.225 కిలోలు, అలాగే ఉంచేశాను. బెంగళూరు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి 25 డిగ్రీల పగటికి సాంద్రత 1.06 చుట్టూ ఉంటుంది. డెన్వర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తు, అక్కడ చల్లని పూట సుమారు 1.00. గాలి పల్చబడితే నిరోధం తగ్గుతుంది, ఆలస్యమూ తగ్గుతుంది.

గడి మార్చగానే 6.5 పక్కజరుగుడు 43 నుంచి 35 సెంటీమీటర్లకు దిగింది. వంద మీటర్లకు జీరో చేసిన (అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే గుండు పడేలా టెలిస్కోపును సరిచేసిన) రైఫిల్‌తో 500 మీటర్ల దగ్గర కిందపడటం 1.80 మీటర్ల నుంచి 1.67 మీటర్లకు తగ్గింది. పదమూడు సెంటీమీటర్ల తేడా ఒక్క గడివల్ల. క్యాలిబర్ మార్చితే వచ్చే తేడాకన్నా నేలమట్టం మారితే వచ్చే తేడా తక్కువేమీ కాదని ఇప్పుడు కళ్లారా చూశాను. జూన్ 15 నాటి పరీక్షలో రెండు చోట్లా వేగం నేరుగా కొలిచాం కనుక ఈ తప్పు అక్కడ బయటపడలేదు.

జూలై 6

ఈ వారం అన్నయ్యతో కొంచెం వాదన జరిగింది. అక్కడ ఒక దుకాణంలో, ఎల్క్ పెద్ద జంతువు కనుక మాగ్నమ్ తప్ప మరేదీ వద్దని చెప్పారట. ఎల్క్ అంటే మన కణుజుకన్నా కొంచెం పెద్దదే, కనుక ఆ మాటను తేలిగ్గా కొట్టేయలేదు, లెక్కలో పెట్టాను.

300 మీటర్ల దగ్గర మిగిలే శక్తి, సముద్రమట్టపు గాలిలోనే, 6.5కు సుమారు 2,140 జౌళ్లు, .308కి 2,320, .30-06కు 2,630, మాగ్నమ్‌కు 2,930. ఎల్క్‌కు 1,500 అడుగుపౌండ్లు, అంటే సుమారు 2,030 జౌళ్లు ఉండాలని వేటగాళ్లలో వాడుకలో ఉన్న కొలత. అది చట్టం కాదు, అనుభవం మీద ఏర్పడిన అంచనా. నాలుగూ 300 మీటర్ల వరకు దాని పైనే ఉన్నాయి, కొండగాలిలో ఇంకా పైన. 500 మీటర్లకు వెళితే 6.5 ఆ గీత కిందికి జారుతుంది.

ఇక గురి తప్పే సంగతి. పక్కగాలిని అన్నయ్య సెకనుకు 2 మీటర్లు తప్పుగా అంచనా వేశాడనుకుందాం. కొత్తవాడికి, లోయకు అడ్డంగా చూసేటప్పుడు, అది పెద్ద పొరపాటేమీ కాదు. 300 మీటర్ల దగ్గర ఆ పొరపాటు 6.5తో 7.3 సెంటీమీటర్లు, .308తో 8.9, మాగ్నమ్‌తో 6.4. అంటే ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పుతో పోలిస్తే క్యాలిబర్ల మధ్య తేడా రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. 500 మీటర్ల దగ్గర అదే పొరపాటు 22, 27, 19 సెంటీమీటర్లు. మాగ్నమ్ కొన్నంత మాత్రాన ఆ దూరపు తప్పు మాయం కాదు. ఈ రెండు వరుసల అంకెలను పక్కపక్కన చూశాక నాకు విషయం తేలిపోయింది. వేట దూరంలో ఏ క్యాలిబరైనా సరిపోతుంది, సరిపోని దూరంలో ఏ క్యాలిబరూ కాపాడదు. మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఏ తుపాకీతో అన్నయ్య బాగా కొట్టగలడు, ఎక్కువగా సాధన చేయగలడు?

"అన్నయ్యా, తాతగారి పంది గుర్తుందా?" అని మాత్రం అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సరే, 300 దాటను. రాసుకో" అన్నాడు. రాసుకున్నాను.

జూలై 13

తుపాకీ వెనక్కి తన్నే శక్తి లెక్క. గుండు, మందు వాయువులు ముందుకు పోయే ద్రవ్యవేగమే తుపాకీకి వెనక్కి వస్తుంది. టెలిస్కోపుతో కలిపి నాలుగు కిలోల రైఫిల్ అనుకుంటే 6.5కు సుమారు 16 జౌళ్లు, .308కి 22, .30-06కు 28, మాగ్నమ్‌కు 32 వస్తున్నాయి. మాగ్నమ్ తన్ను 6.5కు రెండింతలు. ప్రతిఫలంగా 300 మీటర్ల దగ్గర గాలి పొరపాటులో ఒక సెంటీమీటరు తగ్గుతుంది.

అంకెలతో ఒప్పించడం ఇష్టంలేక సార్‌ని సలహా అడిగాను. ఆయన సైన్యంలో రిక్రూట్లకు చేయించిన ఒక పరీక్ష చెప్పారు. వేరేవాళ్లు తూటాలు నింపాలి. నిజమైన తూటాల మధ్య, మందులేని ఉత్తుత్తి తూటాలు ఎక్కడో కలపాలి. కొట్టేవాడికి ఏది ఎప్పుడు వస్తుందో తెలియకూడదు. ఉత్తుత్తి తూటా వచ్చినప్పుడు గొట్టం కదలకుండా నిలిస్తే వాడికి ఆ తుపాకీ సరిపోయింది. గొట్టం కిందికి గుచ్చుకుంటే శరీరం దెబ్బను ముందే ఊహించి ముడుచుకుంటోందని అర్థం. "భుజానికి నొప్పి ఉందా లేదా అని వాణ్ని అడగొద్దు నాయనా, మగతనానికి లేదనే చెప్తాడు. గొట్టాన్ని అడుగు" అన్నారు.

ఆగస్టు 3

అన్నయ్య సహోద్యోగి ఒకరు తన రెండు రైఫిళ్లను అక్కడి రేంజికి తీసుకొచ్చి దగ్గరుండి సాయం చేశారు. ఒకటి 6.5 క్రీడ్‌మూర్, రెండోది 7 ఎం.ఎం. మాగ్నమ్. వంద మీటర్ల దగ్గర 20 సెంటీమీటర్ల కాగితపు పళ్లెం, మోకాలి మీద కూర్చుని, కర్రల ఆసరాతో. ఒక్కో తుపాకీతో ఇరవై నిజమైన తూటాలు, వాటి మధ్య ఐదు ఉత్తుత్తివి.

వీడియో నిన్న రాత్రి పంపాడు, మూడుసార్లు చూశాను. 6.5తో పళ్లెంలో పడ్డవి పద్దెనిమిది. ఉత్తుత్తి తూటాకు చిన్న క్లిక్కుమన్న చప్పుడు, గొట్టం అక్కడే ఉంది, ఒక్కసారి మాత్రం కొద్దిగా ఊగింది. మాగ్నమ్‌తో మొదటి ఆరు చక్కగా పడ్డాయి. ఏడోది ఉత్తుత్తిది. క్లిక్కుమనగానే గొట్టం కొస ఒక జానెడు కిందికి పడింది, అన్నయ్య కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. పన్నెండు దాటాక పళ్లెం కింద అంచు దగ్గరే రంధ్రాలు వరసకట్టాయి. మొత్తం పదకొండు. అతను దృఢమైన మనిషి, రోజూ వ్యాయామం చేస్తాడు. అయినా శరీరం తన పని తాను చేసుకుంది.

ఎంపిక అయిపోయింది. 6.5 క్రీడ్‌మూర్, వేటకు 143 గ్రెయిన్ల విచ్చుకునే గుండు, గురికి 140 గ్రెయిన్ల పోటీ గుండు.

.308ను వదులుకోవడం నాకు కొంచెం బాధగానే ఉంది. దాని బ్యారెల్ ఎక్కువకాలం మన్నుతుంది. 6.5లో సన్నని గొట్టం గుండా ఇంచుమించు అంతే మందు మండుతుంది కనుక బ్యారెల్ గొంతు (గుండు మొదట దూరే చోటు) దగ్గర లోహం త్వరగా అరుగుతుంది. ఏటా వేలకొద్దీ తూటాలు కాల్చేవాడైతే నేను .308 వైపే మొగ్గేవాణ్ని. అన్నయ్య ఏడాదికి నాలుగైదు వందలకు మించి కాల్చడు, బ్యారెల్ అతనికి ఎన్నో ఏళ్లు వస్తుంది.

ఆగస్టు 31

రైఫిల్ కొన్నాడు. 22 అంగుళాల బ్యారెల్, ఎనిమిది అంగుళాల మెలిక. వంద మీటర్లకు జీరో చేసుకుని, 500 మీటర్ల ఇనుప పలక మీద నా పట్టిక ప్రకారం 1.67 మీటర్లకు సరిపడా టెలిస్కోపు తిప్పి వేట గుండ్లు ఐదు కొట్టాడు. ఐదూ పలకకు తగిలాయి, కానీ గుంపు మధ్య బిందువు అనుకున్నదానికి ఎనిమిది సెంటీమీటర్లు కింద ఉంది. "నీ లెక్క తప్పింది తమ్ముడూ" అన్నాడు, కంఠంలో నింద లేదు, తెలుసుకోవాలన్న ఆతురతే.

సాంద్రత గడి సరిగానే ఉంది. జీరో మళ్లీ చూడమన్నాను, సరిగానే ఉంది. అప్పుడు తూటాల డబ్బా ఫోటో పంపమన్నాను. డబ్బా మీది వేగం 24 అంగుళాల పరీక్ష బ్యారెల్‌తో కొలిచినది. బ్యారెల్ పొట్టిదైతే మండుతున్న వాయువులు గుండును నెట్టే దూరం తగ్గుతుంది, ప్రతి అంగుళానికీ సెకనుకు ఆరేడు మీటర్లు పోతాయి. సహోద్యోగి వేగమాపకంతో కొలిపిస్తే పది తూటాల సగటు 808 మీటర్లు వచ్చింది, నేను పెట్టుకున్నది 823. కొత్త అంకె వేయగానే పట్టిక 1.75 మీటర్లు చూపించింది. ఆ ఎనిమిది సెంటీమీటర్లూ అక్కడున్నాయి.

సెప్టెంబరు 14

సరిచేసిన పట్టికతో అన్నయ్య 200, 300, 400, 500 మీటర్ల దగ్గర కొట్టి చూశాడు. 500 దగ్గర గుంపు మధ్య బిందువు రెండు సెంటీమీటర్ల లోపు కుదిరింది. 300 మీటర్ల దగ్గర అతని రైఫిల్‌కు కొండగాలిలో మిగిలే శక్తి 2,200 జౌళ్లు, మేం పెట్టుకున్న గీత పైనే. మోకాలి మీద కూర్చుని 300 మీటర్లకు పది కొట్టితే ఎనిమిది 25 సెంటీమీటర్ల పలకకు తగిలాయి. పదికి తొమ్మిది తగిలేవరకు వేట దూరం 250 అనే మాట మీద ఇద్దరం నిలబడ్డాం. ఇది అతనే అన్నాడు, నేను అనలేదు. పట్టికను రెండు వేళ్ల వెడల్పు కార్డు మీద రాసి తుపాకీ మడమకు అంటించుకున్నాడు.

ఒక్క విషయం మిగిలింది. ఈ వేగాలన్నీ వేసవి ఎండలో కొలిచినవి. అక్టోబరు రెండో సగంలో కొండల మీద తెల్లవారుజామున గడ్డకట్టే చలి ఉంటుంది. చల్లబడిన మందు కాస్త నెమ్మదిగా మండుతుంది, వేగం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో మందును బట్టి మారుతుంది కనుక ఊహించి రాయడం నాకు ఇష్టం లేదు. చలి మొదలైన మొదటి ఆదివారం, తూటాలను రాత్రంతా బయట కారులో ఉంచి, ఉదయం ఆరింటికి పది కొట్టి వేగం కొలిచి పంపమని అడిగాను. ఆ అంకె వచ్చేవరకు పట్టికలో వేగం గడిని పసుపు రంగులోనే ఉంచుతున్నాను.